తెల్ల గిత్త, నల్ల బండ: పాత పెంటాక్స్ కే1000తో ఫోటోలు తీయడం ఎలా

మా మేనమామ ఒంగోలులో స్టూడియో నడిపిన రోజుల్లో పెళ్ళిళ్ళకు వాడిన కెమెరా పెంటాక్స్ కే1000. డిజిటల్ వచ్చాక దాన్ని తోలు సంచిలో పెట్టి బీరువా అడుగున పడేశాడు. నేను అడిగితే, "ఏందిరా అల్లుడూ, చేతిలో ఫోన్ ఉండగా ఈ ఇనప ముక్క దేనికి?" అంటూనే తీసి ఇచ్చాడు. ఇచ్చాక నెల రోజులు నన్ను వదల్లేదు. నేను కడిగించి తెచ్చిన ప్రతి నెగెటివ్‌నీ వెలుగుకు పెట్టి చూసి తిట్టాడు. కింద రాసినదాంట్లో చాలావరకు ఆ తిట్లలో నేర్చుకున్నదే.

ఈ మోడల్ 1976లో వచ్చింది, 1997 దాకా పెద్దగా మార్పుల్లేకుండా తయారైంది. ఆటోమేటిక్ అనేది ఇందులో ఏదీ లేదు. సెల్ఫ్ టైమర్ కూడా లేదు. షట్టర్ (వెలుగును రీలు మీదికి వదిలే తెర) వేగం 1 సెకను నుంచి సెకనులో 1000వ వంతు దాకా ఉంటుంది, అది కాక 'బి' అనే గుర్తు ఉంటుంది. బి మీద పెడితే బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరుచుకునే ఉంటుంది. షట్టర్ నడిచేది స్ప్రింగులతో కాబట్టి బ్యాటరీ అయిపోయినా ఫోటో తీయవచ్చు. బ్యాటరీ పని వెలుగు కొలిచే ముల్లును కదపడం, అంతే. మీ దగ్గరున్నది నికాన్ ఎఫ్ఎం అయినా, యాషికా ఎఫ్ఎక్స్-3 అయినా మీటలూ గుర్తులూ కొంచెం వేరుగా ఉంటాయి గానీ పద్ధతి ఇదే.

కొనే ముందు, లేదా బీరువాలోంచి తీయగానే

ముందు లెన్స్ విప్పండి. మౌంట్ (లెన్స్ బిగించే చోటు) పక్కనున్న మీట నొక్కి తిప్పితే ఊడి వస్తుంది. ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండోవైపు నుంచి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. సముద్రం గాలి తగిలే ఊళ్లలో, అంటే కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా, తోలు సంచిలో ఏళ్ల తరబడి మూసిపెట్టిన లెన్సులకు ఇది పట్టడం మామూలే. అంచుల్లో కొద్దిగా ఉంటే ఫోటోలో తేడా తెలియదు. మధ్యలో ముద్దగా పట్టి ఉంటే ఆ లెన్స్ వద్దు. బాడీ బాగుంటే బాడీ తీసుకోండి, కే మౌంట్ లెన్సులు విడిగా దొరుకుతాయి.

తర్వాత వెనక తలుపు తెరవండి. రీలు లేదని చూసుకున్నాకే సుమా. ఎడమవైపున్న రివైండ్ నాబ్‌ను పైకి గట్టిగా లాగితే తలుపు తెరుచుకుంటుంది. షట్టర్‌ను 1 మీద పెట్టి, కుడివైపున్న లివర్ (రీలును ముందుకు జరిపే మీట) తిప్పి, బటన్ నొక్కండి. "ఒకటీ" అని నిదానంగా అనుకునేసరికి మూసుకోవాలి. మధ్యలో ఇరుక్కున్నా, ఈడ్చుకుంటూ మూసుకున్నా లోపల నూనె ఎండిపోయిందని అర్థం. ఇప్పుడు 1000 మీద పెట్టి, ఆకాశం వైపు చూపి, వెనకనుంచి చూస్తూ నొక్కండి. వెలుగు గడి నిండా ఒక్కసారి మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే ఆ వేగంలో తీసిన ప్రతి ఫోటోలో ఆ పక్క నల్లగా వస్తుంది. షట్టర్ తెర గుడ్డతో చేసింది, దాన్ని వేలితో తాకవద్దు. లెన్స్ విప్పిన చోట లోపల కనిపించే అద్దం సంగతీ అంతే. దాని మీద దుమ్ము కనిపిస్తే ఊదే రబ్బరు బల్బుతో ఊదండి, గుడ్డ పెట్టి తుడిచారంటే గీతలు పడతాయి.

తలుపు అంచుల్లో నల్ల స్పాంజి ఉంటుంది. ఇన్నేళ్లకు అది జిగురుగా మారి చేతికి అంటుతుంటే పుల్లతో గీకి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది అతికించాలి. లేకపోతే ఆ సందులోంచి వెలుగు దూరి ఫోటోల అంచుల్లో ఎర్రటి చారలు పడతాయి. కొత్త స్పాంజి దొరక్కపోతే గాడిలో నల్ల ఊలు దారం పెట్టవచ్చు, మా మామయ్య అదే చేసేవాడు.

బ్యాటరీ, ఐఎస్ఓ

అడుగున గుండ్రటి మూత ఉంటుంది. రూపాయి బిళ్ళతో తిప్పితే వస్తుంది. గడియారాల కొట్టులో దొరికే ఎల్ఆర్44 బిళ్ళ ఒకటి చాలు. వెలుగు కొలిచే మీటర్‌కు విడిగా స్విచ్ లేదు. లెన్స్ మీద వెలుగు పడుతున్నంతసేపూ అది బ్యాటరీని తింటూనే ఉంటుంది, కాబట్టి ఫోటో తీయనప్పుడు లెన్స్ మూత పెట్టండి. ఆఫ్ బటన్ అంటే ఇక్కడ ఆ మూతే.

తర్వాత రీలు డబ్బా మీదున్న ఐఎస్ఓ అంకె చూడండి, అది పెద్దదైతే రీలుకు తక్కువ వెలుగు చాలు. షట్టర్ డయల్ అంచును పైకి లేపి తిప్పితే చిన్న కిటికీలో అంకెలు మారతాయి. 200 రీలు వేస్తే 200 పెట్టాలి. ఇది మర్చిపోతే రీలంతా ఒకే తప్పుతో వస్తుంది.

ఏ రీలు వేయాలి అంటే, మన ఎండకు 200 చాలు. 400 కొని మిట్టమధ్యాహ్నం బయటికెళ్తే వెలుగు ఎక్కువైపోయి, వెనకది మసగ్గా రావాలని లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/2కి (బార్లా) తెరిచే వీలుండదు. లెక్క చూడండి: ఎండలో 400 రీలుకు ఎఫ్/16 దగ్గర సెకనులో 500వ వంతు కావాలి. ఎఫ్/16 నుంచి ఎఫ్/2కి వస్తే వెలుగు 64 రెట్లు పెరుగుతుంది, అంటే సెకనులో 32,000వ వంతు కావాలి. మన కెమెరా 1000 దగ్గరే ఆగిపోతుంది. 200 రీలుతోనూ ఎండలో ఎఫ్/2 కుదరదు గానీ, రంధ్రాన్ని కొంచెం ఎక్కువ తెరవవచ్చు.

రీలు ఎక్కించడం

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా పిన్ని కూతురి పెళ్ళికి టెన్షన్‌లో రీలు వేసి, తలుపు మూసి, పెళ్ళంతా తీశాను. కౌంటర్ 36 దాటింది, 38 అయింది, 40 అయింది. అబ్బో, ఎక్కువే వస్తున్నాయే అని సంతోషపడ్డాను కూడా. తీరా చూస్తే రీలు మొదటి నుంచీ కదలనే లేదు. తాళి కట్టిందీ, తలంబ్రాలూ, అప్పగింతలూ ఒక్కటీ లేవు. ఆ పిల్ల ఇప్పటికీ ఏ ఫంక్షన్‌లో కనపడినా "అన్నయ్యా, రీలు వేశావా?" అనే అడుగుతుంది.

అందుకని నిదానంగా, నీడలో కూర్చుని చేయండి. రీలును ఎడమవైపు గదిలో పెట్టి నాబ్‌ను కిందికి నొక్కండి. రీలు మొనను కుడివైపు స్పూల్ (రీలు చుట్టుకునే కడ్డీ) సందులో దూర్చండి. తలుపు తెరిచి ఉండగానే లివర్ కొంచెం తిప్పి, పై వరసా కింది వరసా రెండు రంధ్రాలూ పళ్ళకు పట్టుకున్నాయని కంటితో చూడండి. అప్పుడు మూయండి. మూశాక రివైండ్ క్రాంక్‌ను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పితే వదులు పోయి బిగువు తగులుతుంది, అక్కడ ఆపండి. ఇక లివర్ తిప్పి, నొక్కి, మళ్ళీ తిప్పి, కౌంటర్ 1కి వచ్చేదాకా ఖాళీ క్లిక్కులు కొట్టండి. లివర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు నాబ్ దానంతటదే ఎదురుగా తిరగాలి. తిరుగుతోందంటే రీలు నడుస్తోంది. తిరగలేదంటే తలుపు తెరిచి మొదటికి రండి. ఆ పెళ్ళిలో నేను ఒక్కసారి ఆ నాబ్ వైపు చూసి ఉంటే సరిపోయేది.

ముల్లు చెప్పేది ఎంతవరకు నమ్మాలి

వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) కుడివైపు ఒక ముల్లు, పైన కూడిక గుర్తు, కింద తీసివేత గుర్తు ఉంటాయి. ముల్లు మధ్యకు వచ్చేలా షట్టర్‌నో, లెన్స్ మీదున్న అపెర్చర్ రింగ్‌నో తిప్పాలి. చెరువు తూము ఎంత ఎత్తారు, ఎంతసేపు ఎత్తి ఉంచారు అన్నదాన్ని బట్టి పొలానికి నీళ్ళు ఎన్ని పారాయో తెలుస్తుంది కదా, ఇదీ అంతే. అపెర్చర్ అంటే తూము వెడల్పు, షట్టర్ అంటే తెరిచి ఉంచిన సేపు. తిరకాసు ఒకటే: ఎఫ్ పక్కన అంకె పెద్దదయ్యే కొద్దీ తూము చిన్నదవుతుంది. ఎఫ్/2 అంటే బార్లా తెరిచినట్టు, ఎఫ్/22 అంటే దాదాపు మూసినట్టు. రింగ్ మీద ఒక్కో మెట్టు జరిగితే వెలుగు రెట్టింపో, సగమో అవుతుంది. షట్టర్ డయల్ మీదా అంతే.

ముల్లు మధ్యలో పెట్టి నొక్కితే చాలనుకున్నాను మొదట్లో. ఒక తిరునాళ్ళలో తెల్లటి ఒంగోలు గిత్తను దగ్గర్నుంచి, ఫ్రేము నిండా తీశాను. అదే రీలులో చీమకుర్తి వైపు వెళ్ళి గెలాక్సీ గ్రానైట్ బండ ఒకటి తీశాను, నల్లటి దాంట్లో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, అది. ప్రింట్లు వేయించి తెస్తే గిత్త బూడిద రంగులో ఉంది, బండా బూడిద రంగులోనే ఉంది. మామయ్య రెండూ పక్కపక్కన పెట్టి నవ్వాడు. "ముల్లుకి గిత్తా తెలీదు, బండా తెలీదురా. దానికి తెలిసింది ఒక్క బూడిద రంగే."

సంగతి ఏమిటంటే, మీటర్ ముందు ఏది పెట్టినా అది దాన్ని నడిమి బూడిద రంగు వస్తువుగానే లెక్కగడుతుంది. పడిన వెలుగులో దాదాపు 18 శాతం తిప్పి పంపే రంగు అది. తెల్లది కనిపిస్తే "వెలుగు ఎక్కువైంది, తగ్గించు" అంటుంది, నల్లది కనిపిస్తే "పెంచు" అంటుంది. పైగా కే1000 మీటర్ ఫ్రేము మొత్తాన్నీ కలిపి సగటు తీస్తుంది. కొత్తపట్నం ఒడ్డున పడవను తీస్తుంటే సగం ఫ్రేము ఆకాశమే ఉంటుంది కాబట్టి ముల్లు ఆకాశం మాట వింటుంది, పడవ నల్లగా వస్తుంది.

దీనికి మందు ముల్లును పక్కనపెట్టి ఎండను లెక్కగట్టడం. మబ్బు లేని పగటి ఎండలో ఎఫ్/16 పెట్టండి, షట్టర్‌ను ఐఎస్ఓ అంకెకు దగ్గరగా పెట్టండి. 200 రీలు అయితే 250. అదే వెలుగు 500 దగ్గర ఎఫ్/11కీ, 1000 దగ్గర ఎఫ్/8కీ వస్తుంది, మీకు ఏది కావాలంటే అది. సముద్రపు ఇసుక మీద ఒక మెట్టు తగ్గించండి. మబ్బు కమ్మితే ఎఫ్/8, చెట్టు నీడలో ఎఫ్/4 దాకా తెరవాలి. పొద్దున్నే, సాయంత్రం ఈ లెక్క సాగదు, అప్పుడు ముల్లే గతి.

ఇప్పుడు గిత్త దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. 200 రీలు, మంచి ఎండ. ముల్లు ఎఫ్/16 దగ్గర 500 అంటుంది. ఎండ లెక్క 250 అంటోంది. ఎండ లెక్కనే నమ్మండి, అంటే ముల్లు చెప్పినదానికన్నా ఒక మెట్టు ఎక్కువ వెలుగు. బండ దగ్గర ముల్లు 60 అంటుంది, మీరు 250లోనే ఉండండి. అప్పుడే నలుపు నల్లగా ఉండి బంగారు చుక్కలు తేలతాయి. నునుపు పట్టిన బండ అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది కాబట్టి కాస్త పక్కకు జరిగి, మెరుపు లేని కోణం నుంచి తీయాలి.

ఈ రెండు తప్పుల్లో ప్రమాదం గిత్తదే. నెగెటివ్ రీలు ఎక్కువ వెలుగును బాగానే ఓర్చుకుంటుంది. బండకు రెండు మెట్లు ఎక్కువ పడినా కొంపేమీ మునగదు, స్కానింగ్‌లో సరిచేయవచ్చు. తక్కువ వెలుగు పడితే మాత్రం నీడల్లో ఉన్నది రీలు మీదికి ఎక్కనే ఎక్కదు, ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే సందేహం వచ్చినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కువ ఇవ్వండి. స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే రీలు) అయితే దీనికి పూర్తిగా ఉల్టా.

ఎండ లెక్క పనికిరాని చోట, అంటే వరండాలోనో, గుడి మండపంలోనో, మీ అరచేతిని వాడండి. మనిషి మీద పడుతున్న వెలుగే చేతి మీదా పడేలా పట్టుకుని, ఫ్రేము నిండా అరచెయ్యి పెట్టి ముల్లు మధ్యకు తెచ్చి, తర్వాత ఒక మెట్టు ఎక్కువ వెలుగు ఇవ్వండి. ఫోకస్ అక్కర్లేదు. పచ్చగడ్డి ఉంటే ఇంకా సులువు. అది దాదాపు ముల్లుకు తెలిసిన నడిమి రంగే కాబట్టి గడ్డిని చూపి, అంకెలు అలాగే ఉంచి, ఫోటో తీసుకోవచ్చు. పొలాల్లో తిరిగేటప్పుడు నేను పొగాకు చేను వైపు చూపి కొలుస్తాను.

ఫోకస్

వ్యూఫైండర్ మధ్యలో గరుకుగా కనిపించే చిన్న వలయం ఉంటుంది. ఫోకస్ కుదరనప్పుడు అందులో బొమ్మ వణికినట్టు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రింగ్ తిప్పుతుంటే ఒకచోట వణుకు ఆగుతుంది, అదే ఫోకస్. మనిషిని తీస్తుంటే కన్ను మీద చూడండి. 50 ఎంఎం లెన్స్‌తో చేతిలో పట్టుకుని తీసేటప్పుడు 60 కన్నా తక్కువ వేగానికి దిగవద్దు, చెయ్యి కదులుతుంది.

కదిలేవాటికి ఈ పద్ధతి పనికిరాదు. బండలాగుడు పోటీల్లో జత మీ ముందుకు వచ్చేసరికి మీరు ఇంకా రింగే తిప్పుతుంటారు. ముందే ఒక చోటు ఎంచుకోండి. ప్రాంగణంలో సున్నంతో గీసిన గీతల్లో ఒకదాన్ని చూసుకోండి. మీకు దానికి 5 మీటర్లు ఉంటే రింగ్ 5 మీద పెట్టి, అపెర్చర్ ఎఫ్/11, షట్టర్ 500 పెట్టి వదిలేయండి. ఆ అమరికలో సుమారు 3 మీటర్ల నుంచి 14 మీటర్ల దాకా అన్నీ తేటగానే వస్తాయి. లెన్స్ మీద ఫోకస్ రింగ్ పక్కన అటూ ఇటూ ఉన్న ఎఫ్ అంకెల గీతలు చెప్పేది ఇదే. ఇక గిత్తల కాలు గీత తాకబోతుండగా నొక్కడమే. తాకాక నొక్కితే ఆలస్యమైపోయినట్టే. నొక్కగానే అద్దం పైకి లేచి వ్యూఫైండర్ చీకటవుతుంది, మీకు పడిందో లేదో రీలు కడిగితే గానీ తెలియదు. తాడు దాటి లోపలికి పోవద్దు, ఫ్లాష్ అసలే వద్దు. బెదిరిన గిత్త ఎటు తిరుగుతుందో దాన్ని తోలేవాడికే తెలియదు.

తీశాక లివర్ వెంటనే తిప్పి పెట్టుకోవడం చాలామందికి అలవాటు. ఈ కెమెరాకు షట్టర్ లాక్ లేదు. తిప్పి సంచిలో వేస్తే ఏదో తగిలి సంచి లోపలి చీకటిని ఫోటో తీస్తుంది. తీయబోయే ముందే తిప్పుకోండి.

ఫ్లాష్ వాడితే 60 దాటి పెట్టవద్దు. డయల్ మీద 60 పక్కన ఎక్స్ గుర్తు ఉన్నది అందుకే. 125లో పెడితే ఫ్లాష్ వెలిగేసరికి తెర సగం కప్పేసి ఉంటుంది. పెళ్ళికూతురు వచ్చి పెళ్ళికొడుకు రాడు.

రీలు తీయడం

36 అయ్యాక లివర్ బిగుసుకుంటుంది. ఇంకొకటి వస్తుందేమోనని బలంగా లాగవద్దు, రీలు కాసెట్ నుంచి తెగిపోతుంది. కెమెరా అడుగున చిన్న బటన్ ఉంది, అది నొక్కి, క్రాంక్ మడత విప్పి, బాణం వైపు తిప్పండి. చివర్లో చేతికి బిగువు ఒక్కసారి వదిలినట్టు తెలుస్తుంది. అక్కడ ఆపకుండా ఇంకో నాలుగు చుట్లు తిప్పితే మొన కూడా లోపలికి పోతుంది. మొన బయట ఉంటే రేపు అదే రీలు కొత్తదనుకుని మళ్ళీ ఎక్కించే ప్రమాదం ఉంది. ఒకవేళ తెగనే తెగితే తలుపు తెరవకండి. రాత్రి దీపాలార్పిన గదిలో, మందపాటి దుప్పట్లు రెండు కప్పుకుని, చేతి స్పర్శతో రీలు తీసి వెలుగు చొరని డబ్బాలో పెట్టాలి. మామయ్య ఒక పెళ్ళింట్లో బొంత కప్పుకుని ఈ పని చేశాడట. బయట జనం ఫోటోగ్రాఫర్‌కి చలిజ్వరం వచ్చిందనుకున్నారు.

ఎండ, తేమ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రీలు ఎంత? కారు డ్యాష్‌బోర్డు మీదా, బండి డిక్కీలోనూ వదలవద్దు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు గంటసేపు బయట ఉంచాకే డబ్బా తెరవండి. లేకపోతే తేమ పడుతుంది. కెమెరాను తోలు సంచిలోంచి తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని పెనం మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి.

కడిగించడం, నెగెటివ్ చదవడం

రంగు రీళ్ళను నేను చెన్నైకి కొరియర్ చేస్తాను. మీరు ఎక్కడికి పంపినా ముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: మెషీన్ ఇప్పుడు నడుస్తోందా, నెగెటివ్‌లు వెనక్కి ఇస్తారా. స్కాన్లు చాలనుకుని నెగెటివ్ వదిలేస్తే అసలు వదిలేసి నకలు తెచ్చుకున్నట్టే. నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడగవచ్చు గానీ రసాయనాలు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేసవిలో మన కుళాయి నీళ్ళు 30 దాటే ఉంటాయి కాబట్టి బకెట్‌లో ఐసు వేసి, అందులో సీసాలు నిలబెట్టాలి. చివరి కడుగుకు బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

నెగెటివ్ చేతికొచ్చాక ముందు అంచులు చూడండి. అంచున కంపెనీ పేరూ, అంకెలూ స్పష్టంగా ఉండి మధ్యలో ఏమీ లేకుండా పారదర్శకంగా ఉంటే, కడగడం సరిగ్గానే జరిగింది, తప్పు కెమెరాలోనో, రీలు ఎక్కించడంలోనో ఉంది. నా పెళ్ళి రీలు అచ్చం అలాగే వచ్చింది. అంచుల మీద అక్షరాలు కూడా లేకపోతే తప్పు కడిగిన చోట ఉంది.

తర్వాత గిత్తను చూడండి. నెగెటివ్‌లో అది అన్నిటికన్నా నల్లగా ఉంటుంది. దినపత్రిక మీద నెగెటివ్ పరిచి, ఆ నల్లటి చోటు గుండా కింది అక్షరాలు చదవడానికి ప్రయత్నించండి. కష్టపడితే అందీ అందనట్టు కనిపిస్తే వెలుగు సరిగ్గా పడింది. సులువుగా చదవగలిగితే ఇంకా ముల్లు మాటే వింటున్నారు, వచ్చే రీలులో ఒక మెట్టు పెంచండి.